బాపుకి సిగ్నల్ కనబడదు, తమ్ముడికి హెడ్‌సెట్ కావాలి: మధ్యలో నేనేం చెప్పాలి?

కాజీపేట నుంచి ఒక యువతి పంపిన పొడవైన ఉత్తరం ఇది. పేరు, ఇంటి ఆనవాళ్లు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమె తండ్రి లోకో పైలట్‌గా పనిచేసి మూడేళ్ల కింద రిటైరయ్యారు. సర్వీసు చాలావరకు కాజీపేట–బల్లార్షా లైను మీద, గూడ్సు బండ్లతోనే గడిచింది. ఇప్పటికీ రాత్రి రెండింటికి డ్యూటీ కాల్ వచ్చినట్టు లేచి కూర్చుంటారు. పగలు ఎవరితోనూ పెద్దగా మాట్లాడరు. కిందటేడాది తమ్ముడు (25 ఏళ్లు, ఎలక్ట్రికల్ బీటెక్) తన కంప్యూటర్లో ఓపెన్ రైల్స్ అనే ట్రైన్ సిమ్యులేటర్ (రైలు నడుపుతున్నట్టు చూపించే కంప్యూటర్ ప్రోగ్రామ్) వేసి, అభిమానులు తయారుచేసిన మన ఇంజన్లు, మన వ్యాగన్లు అందులో పెట్టి చూపించాడు. "బాపు మనిషే మారిపోయిండు. రోజూ సాయంత్రం తమ్ముని పక్కన కూర్చొని, ఇక్కడ లోడ్ లాగుతది, ఇక్కడ ముందే బ్రేక్ పట్టాలె అని చెప్తడు" అని రాశారామె.

ఆయనకు రెండు ఫిర్యాదులున్నాయి. దగ్గరికి వచ్చేదాకా సిగ్నల్ కనబడటం లేదు. పైగా ఇది మన లైను కాదు.

వీటికి తమ్ముడు చెప్పే మందు వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకు తొడుక్కుంటే చుట్టూ దృశ్యం కనిపించే పరికరం), దాన్ని మోయగలిగే కొత్త కంప్యూటర్. అక్కడితో ఆగలేదు. హన్మకొండలో గది అద్దెకు తీసుకుని, నాలుగు హెడ్‌సెట్లు పెట్టి, అసిస్టెంట్ లోకో పైలట్ (ఏఎల్‌పీ) పరీక్ష రాసే పిల్లలకు "రైలు నడిపే ట్రైనింగ్" ఇస్తానంటున్నాడు. బాపు రిటైర్మెంట్ డబ్బులోంచి 6 లక్షలు కావాలట. అవి ఈమె పెళ్లి కోసం ఎఫ్‌డీ వేసిన డబ్బులు. అమ్మ ససేమిరా అంటోంది. బాపు ఏమీ అనడు. తమ్ముడు ఒకసారి ఏఎల్‌పీ పరీక్ష రాసి సీబీఏటీ (కంప్యూటర్ మీద పెట్టే ఆప్టిట్యూడ్ పరీక్ష) దగ్గర ఆగిపోయాడు, మళ్లీ రాయమంటే వినడం లేదు. పోయినేడు కళ్లద్దాలు వచ్చాయి, మైనస్ ముప్పావు. హైదరాబాద్‌లో ఒక మాల్‌లో వీఆర్ చూపిద్దామని తండ్రిని తీసుకెళ్తే కాసేపటికే ఆయనకు కళ్లు తిరిగాయి.

"నువ్వు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవు కదా, దీనికి భవిష్యత్తు ఉందో లేదో నువ్వే చెప్పు అని అందరూ నా మీదికి తోస్తున్నారు. నా పెళ్లి సంగతి పక్కన పెట్టండి. ఈ టెక్నాలజీ నిలబడుతుందా? తమ్ముణ్ని ఆపాలా, వదిలేయాలా?" ఇదీ ఆమె ప్రశ్న.

మీ ఇంట్లో ముగ్గురు మూడు వేర్వేరు విషయాలు అడుగుతున్నారమ్మా. మీ నాన్నగారికి సిగ్నల్ కనబడాలి. మీ తమ్ముడికి ఒక బతుకుదెరువు కావాలి. మీ అమ్మగారికి డబ్బు భద్రంగా ఉండాలి. హెడ్‌సెట్ కొంటే అన్నీ తీరిపోతాయని మీ తమ్ముడు నమ్మడం దగ్గర చిక్కు మొదలైంది. నా అంచనాలో దాంతో ఈ మూడింటిలో ఏదీ తీరదు. ఎందుకో వివరంగా చెప్తాను. ఎటు నడవాలో మీరే తేల్చుకోండి.

ముందు మీ నాన్నగారి ఫిర్యాదు. దాన్ని వయసు మీదికి తోసేయకండి. ఆయన మాట లెక్కకు నిలుస్తుంది. మన లైన్లలో స్టేషన్‌లోకి రానిచ్చే హోమ్ సిగ్నల్‌కు కనీసం కిలోమీటరు ముందు, దాని స్థితిని ముందే చెప్పే డిస్టెంట్ సిగ్నల్ ఉంటుంది. రెండు డిస్టెంట్లున్న చోట మొదటిది రెండు కిలోమీటర్ల ముందే వస్తుంది. బొగ్గు లోడుతో గంటకు 60 కిలోమీటర్ల వేగం మీద వస్తున్న గూడ్సుకి కిలోమీటరంటే ఒక్క నిమిషం. ఆ నిమిషం చేతిలో ఉండగానే రంగు తెలియాలి, బ్రేక్ సంగతి తేలాలి. సర్వీసు పొడవునా ఆయన కన్ను చేసిన పని అదే.

ఇప్పుడు స్క్రీన్ సంగతి చూడండి. సిగ్నల్ దీపం వెడల్పు 20 సెంటీమీటర్లు అనుకుందాం. కిలోమీటరు దూరం నుంచి అది కంటికి ఒక డిగ్రీలో దాదాపు 90వ వంతు ఉంటుంది. ఫుల్ హెచ్‌డీ మానిటర్లో అడ్డంగా ఉండేవి 1,920 పిక్సెళ్లు (బొమ్మను కట్టే చుక్కలు). ఓపెన్ రైల్స్ మామూలు సెట్టింగ్‌లో ఆ వెడల్పు మీద సుమారు 70 డిగ్రీల దృశ్యాన్ని పరుస్తుంది. అంటే డిగ్రీకి 27 పిక్సెళ్లు. ఆ లెక్కన దీపానికి దక్కేది ఒక పిక్సెల్‌లో మూడో వంతు. ఒక పిక్సెల్ కూడా నిండని దీపం కనబడదు, లేదా పక్కనున్న ఆకాశం రంగులో కలిసిపోతుంది. అందుకే సిమ్యులేటర్ తయారీదారులు దీపాన్ని అసలుకన్నా పెద్దగా, చుట్టూ వెలుగు చిమ్ముతున్నట్టు గీస్తారు. ఏళ్ల తరబడి అసలు దీపాన్ని చూసిన కన్ను ఆ కిటుకును ఊరికే ఒప్పుకోదు.

మరి హెడ్‌సెట్‌లో? 2023లో వచ్చిన మెటా క్వెస్ట్ 3లో డిగ్రీకి దాదాపు 25 పిక్సెళ్లు. అంటే మీ ఇంట్లో ఉన్న మానిటర్ స్థాయే, ఇంకా చెప్పాలంటే కాస్త తక్కువే. మంచి చూపున్న కన్ను డిగ్రీకి 60 దాకా విడివిడిగా పట్టగలదు. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో 3,499 డాలర్ల ధరతో వచ్చిన ఆపిల్ విజన్ ప్రోలో రెండు కళ్లకూ కలిపి 2.3 కోట్ల పిక్సెళ్లున్నాయి. అదీ ఆ 60కి చాలా కిందే ఆగింది. హెడ్‌సెట్ పెట్టుకుంటే క్యాబ్‌లో కూర్చున్నట్టే ఉంటుంది. తల తిప్పితే పక్క కిటికీ కనిపిస్తుంది, మీటర్లు చేతికి అందేంత దగ్గరగా ఉంటాయి. ఆ అనుభవం నిజమైనదే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ మీ నాన్నగారు అడిగిన సిగ్నల్ మాత్రం దాంతో మెరుగుపడదు.

కళ్లు తిరగడం గురించి కూడా చెప్పాలి. ముందుకు పోతున్నామని కన్ను చెప్తుంటే, కదల్లేదని చెవి లోపలి బ్యాలెన్స్ అవయవం చెప్తుంది. ఆ పేచీకే ఒళ్లు తిప్పుతుంది. రైలు ఒకే వేగంతో తిన్నగా పోతున్నప్పుడు ఇబ్బంది తక్కువ. వంపుల్లో, బ్రేక్ వేసినప్పుడు ఎక్కువ. కంప్యూటర్ తడబడి బొమ్మ ఆగి ఆగి కదిలితే ఇంకా ఎక్కువ. దీనికి తోడు ఇప్పటి హెడ్‌సెట్లలో కంటి ఫోకస్ ఎప్పుడూ ఒకే దూరంలో నిలబడిపోతుంది. చూసేది దగ్గరి మీటరైనా, దూరపు సిగ్నలైనా అంతే. చూపును బట్టి ఫోకస్ మార్చే ప్రోటోటైప్‌ను ఫేస్‌బుక్ 2018లోనే చూపించింది. అలాంటిది మామూలు కొనుగోలుదారుడి చేతికి ఇంకా రాలేదు. మాల్‌లో మీ నాన్నగారికి ఏం జరిగిందో ఇంట్లోనూ అదే జరగొచ్చు. అరవై దాటిన మనిషిని "అలవాటైపోతది" అని బలవంతంగా కూర్చోబెట్టకండి.

ఇంకో సంగతి మీ తమ్ముడికి తెలిసే ఉండాలి. వీఆర్‌లో బాగా నడిచే రైలు సిమ్యులేటర్లు ఉన్నాయి. 2019 నుంచి అందుబాటులో ఉన్న డిరైల్ వ్యాలీ అలాంటిది. కానీ అందులో ఉన్నది ఊహించి గీసిన లోయ, అక్కడ జమ్మికుంట ఉండదు. మన బండ్లు నడిచే ఓపెన్ రైల్స్ మామూలు స్క్రీన్ కోసం పుట్టింది. ట్రైన్ సిమ్ వరల్డ్ లాంటి పేరున్న సిమ్యులేటర్ కూడా చాలాకాలం అధికారికంగా వీఆర్ లేకుండానే నడిచింది. హెడ్‌సెట్ కొంటే మీ నాన్నగారు తన లైనుకు దగ్గరవరు, ఇంకా దూరమవుతారు.

ఆయన కోసం ఏమైనా చేయాలనుంటే దారి చాలా చవక. ఇంట్లో 4కే టీవీ ఉంటే ముందు కంప్యూటర్‌ను దానికి కలిపి చూడండి. పిక్సెళ్లు అడ్డంగా రెట్టింపవుతాయి. ఓపెన్ రైల్స్ ఆప్షన్లలో చూసే కోణం తగ్గించే సెట్టింగ్ ఉంది. దాన్ని తగ్గిస్తే పక్క దృశ్యం కొంత పోతుంది, ఎదుటి పట్టాలు, సిగ్నల్ పెద్దవవుతాయి. గూడ్సు నడిపినాయనకు ఆ బేరం నచ్చుతుందనే అనుకుంటున్నాను. కుర్చీ స్క్రీన్‌కు కాస్త దగ్గరగా జరపండి. కొత్త మానిటర్ కొనాలనిపిస్తే ఓఎల్ఈడీ వద్దు. సిమ్యులేటర్లో మీటర్లు గంటల తరబడి ఒకేచోట కదలకుండా ఉంటాయి, ఓఎల్ఈడీలో అలాంటి బొమ్మ కాలక్రమేణా మచ్చగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. మామూలు ఎల్‌సీడీ చాలు. మినీ ఎల్ఈడీ అయితే చీకట్లో సిగ్నల్ వెలుగు ఇంకా బాగుంటుంది. దీనికోసం ఎఫ్‌డీ ముట్టుకోవాల్సిన పని లేదు, మీ జీతంలో సర్దుకునే ఖర్చు.

ఇక సెంటర్ సంగతి. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, దాచను. "ఏఎల్‌పీకి రైలు నడిపే ట్రైనింగ్" అన్న బోర్డు పెట్టకూడదు. ఏఎల్‌పీ ఎంపికలో రైలు నడిపించి చూసే పరీక్ష లేదు. రెండు సీబీటీలు (కంప్యూటర్ మీద రాసే పరీక్షలు), ఆ తర్వాత సీబీఏటీ, ఆపైన సర్టిఫికెట్లు, మెడికల్. సీబీఏటీలో చూసేది జ్ఞాపకశక్తి, చెప్పిన సూచనలు పాటించడం, లోతు అంచనా, ఏకాగ్రత, చూడగానే పట్టే వేగం. ఒక్కో భాగంలో కనీసం 42 టీ స్కోరు (మిగతావాళ్ల సగటుతో పోల్చి లెక్కేసే మార్కు) రావాలి. ఇందులో ఏ వర్గానికీ మినహాయింపు లేదు. తుది మెరిట్‌లో దీనికి 30 శాతం వెయిటేజీ ఉంది. ప్రశ్నల తీరు ఎలా ఉంటుందో రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్ఓ తన వెబ్‌సైట్లోనే ఉచితంగా పెట్టింది. హెడ్‌సెట్ పెట్టుకుని ఇంజన్ నడిపితే వీటిలో ఏ మార్కూ పెరగదు. నడపడం ఎలాగో ఎంపికయ్యాక రైల్వే తన ట్రైనింగ్ సెంటర్లలో, తన సిమ్యులేటర్ల మీద తానే నేర్పుతుంది. హన్మకొండలో గదులు అద్దెకు తీసుకుని, మెస్సుల్లో తింటూ చదివే పిల్లల నుంచి ఈ పేరుతో ఫీజు తీసుకోవడం తప్పు. మీ తమ్ముడికి మోసం చేయాలన్న ఆలోచన లేదని నాకు తెలుసు. తను తప్పిన పరీక్షకు మందు కనిపెట్టానని నిజంగానే నమ్ముతున్నాడు. నమ్మకం ఉన్నంతమాత్రాన ఆ పిల్లల డబ్బు తిరిగి రాదు.

ఆ బోర్డు తీసేసి, ఊరికే సరదాగా రైలు నడిపే చోటు అంటే? పుట్టినరోజులకు, స్కూలు పిల్లలకు, రైళ్లంటే పిచ్చి ఉన్నవాళ్లకు? అందులో తప్పేమీ లేదు. లెక్క మాత్రం చూసుకోవాలి. ఇంట్లో ఆడుకోవడానికి ఇచ్చిన సాఫ్ట్‌వేర్ లైసెన్సుతో డబ్బులు తీసుకుని జనానికి చూపించడం చాలా కంపెనీలు ఒప్పుకోవు, విడిగా అనుమతి కావాలి. నాలుగు హెడ్‌సెట్లకు నాలుగు గట్టి కంప్యూటర్లు కావాలి. ఒకరి చెమట ఇంకొకరికి అంటకుండా తుడవడానికి, కళ్లు తిరిగినవాళ్లను చూసుకోవడానికి మనిషి కావాలి. అద్దె, కరెంటు నెలనెలా తప్పవు. అన్నిటికన్నా పెద్ద గండం, ఈ పరికరాల ఆయుష్షు.

ఆయుష్షు అన్నాను కాబట్టి మీ అసలు ప్రశ్నకు వస్తాను: ఈ టెక్నాలజీ నిలబడుతుందా? డిస్‌ప్లేలు ఇంకా బాగుపడతాయి, అందులో నాకు అనుమానం లేదు. పిక్సెళ్లు పెరుగుతాయి, హెడ్‌సెట్ల బరువు తగ్గుతుంది. కన్ను ఎటు చూస్తే అక్కడ మాత్రమే బొమ్మను పూర్తి నాణ్యతతో గీసే పద్ధతి ఇప్పటికే వచ్చింది. కానీ "టెక్నాలజీ నిలబడటం", "మీరు కొన్న పరికరం నిలబడటం" ఒకటే అనుకోకండి. 2010 ప్రాంతంలో త్రీడీ టీవీలే భవిష్యత్తు అన్నారు. 2017 వచ్చేసరికి ఎల్‌జీ, సోనీ వాటిని ఆపేశాయి. విండోస్ కంప్యూటర్లలో వీఆర్ హెడ్‌సెట్లను నడిపే వేదిక, విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ కథ మీ తమ్ముడికి ఇంకా దగ్గరిది. 2017లో మైక్రోసాఫ్ట్ ఆర్భాటంగా మొదలుపెట్టింది. హెచ్‌పీ రివర్బ్ జీ2 లాంటి హెడ్‌సెట్‌ను సిమ్యులేటర్ అభిమానులు స్పష్టత బాగుందని ఏరికోరి కొన్నారు. 2023 డిసెంబర్లో మైక్రోసాఫ్ట్ ఆ వేదికను వదిలేస్తున్నట్టు ప్రకటించింది. 2024లో వచ్చిన విండోస్ 11 అప్‌డేట్‌లో పూర్తిగా తీసేసింది. హెడ్‌సెట్ చెడిపోలేదు, అద్దాలు పగల్లేదు. అయినా అప్‌డేట్ వేసుకున్న కంప్యూటర్‌తో అది పనిచేయడం మానేసింది. అప్పు తెచ్చో, ఎఫ్‌డీ విరిచో కొన్నవాళ్ల గతి ఊహించండి.

దీనికి పూర్తి భిన్నమైన కథ మీ ఇంట్లోనే రోజూ సాయంత్రం నడుస్తోంది. మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ 2001లో వచ్చింది. 2009లో దాని రెండో భాగం తయారుచేస్తున్న మైక్రోసాఫ్ట్ స్టూడియోనే మూసేశారు, ఆ రెండో భాగం కూడా దాంతోనే పోయింది. అయినా అప్పట్లో అభిమానులు ఓపికగా కట్టిన రూట్లు, బండ్లు బతికే ఉన్నాయి. వాటిని నడపడానికే కొందరు కలిసి ఓపెన్ రైల్స్ రాశారు, ఉచితంగా ఇచ్చారు. స్క్రీన్లు డబ్బా మానిటర్ నుంచి 4కే దాకా మారాయి, రూట్ ఫైళ్లు మిగిలాయి. మీ తమ్ముడి శ్రమ వెళ్లాల్సింది అటువైపని నేను గట్టిగా నమ్ముతున్నాను. "ఇది మన లైను కాదు" అన్న మీ నాన్నగారి రెండో ఫిర్యాదుకు కూడా జవాబు అక్కడే ఉంది.

కాజీపేట నుంచి బల్లార్షా దాకా మొత్తం ఒకేసారి కట్టాలనుకుంటే మధ్యలో విసుగొచ్చి వదిలేస్తాడు. కాజీపేట, హసన్‌పర్తి రోడ్, జమ్మికుంట, అంతవరకు చాలు. పట్టాల దారి ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో దొరుకుతుంది. నేల ఎత్తుపల్లాలకు ఉపగ్రహ డేటా ఉచితంగానే ఉంది, కానీ దాన్ని నమ్ముకుంటే దెబ్బతింటాడు. 100కి 1 గ్రేడియంట్ అంటే మూడు కిలోమీటర్లకు 30 మీటర్ల ఎత్తు మాత్రమే. ఆ డేటాలో కొన్ని మీటర్ల తేడా మామూలే కాబట్టి అసలు చడావు మాయమై, లేని గుట్టలు పట్టాల కింద మొలుస్తాయి. పట్టాల పక్కన గ్రేడియంట్ పోస్టులుంటాయి, వాటిని ప్యాసింజర్ బండి కిటికీలోంచి చూసి రాసుకోవచ్చు. మిగతాది మీ నాన్నగారి దగ్గర ఉంది. కొత్త సెక్షన్‌లో బండి నడిపే ముందు రన్నింగ్ స్టాఫ్ ఎల్ఆర్ చేస్తారు కదా, లైను నేర్చుకోవడానికి. అదే తీరులో ఆయన్ను తమ్ముడికి ఎల్ఆర్ ఇప్పించమనండి. ఫోన్లో రికార్డింగ్ పెట్టి, స్టేషన్ తర్వాత స్టేషన్ చెప్పమనండి. ఎక్కడ లోడ్ లాగుతుంది, ఎక్కడ న్యూట్రల్ సెక్షన్ (పై తీగలో కరెంటు లేని ముక్క), ఎక్కడ వంపు తిరిగాకే సిగ్నల్ కనబడుతుంది, ఎక్కడ కాషన్ ఆర్డర్లు (వేగం తగ్గించమనే ఆదేశాలు) తరచుగా ఉండేవి. వీటిలో చాలా సంగతులు ఏ మ్యాప్‌లోనూ ఉండవు. మూడో లైను పనులతో యార్డులు, సిగ్నళ్లు మారిపోయాయి కాబట్టి ఏ సంవత్సరం నాటి లైనో ముందే నిర్ణయించుకోవాలి. ఆ సంవత్సరాన్ని ఎంచుకునే పని ఆయనకే వదిలేయండి. సమాచారమంతా సిమ్యులేటర్ ఫైళ్లలోనే కాకుండా మామూలు ఎక్సెల్ షీటులో కూడా దాచమనండి. రేపు ఇంకో సిమ్యులేటర్, ఇంకో రకం డిస్‌ప్లే వచ్చినా అది పనికొస్తుంది.

ఒక హెచ్చరిక. కొలతల కోసం పట్టాల మీద నడవొద్దు. అనుమతి లేకుండా రైల్వే హద్దులోకి వెళ్లడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, ప్రాణానికి ముప్పు కూడా. బాపు పాత దోస్తుల్ని బతిమాలి క్యాబ్‌లోకి ఎక్కి వీడియో తీయడం అసలే వద్దు. మీ తమ్ముడి ముచ్చటకు ఇంకో ఇంటాయన ఉద్యోగం పోతుంది. జపాన్‌లో జేఆర్ ఈస్ట్ 2022లో తన లైన్ల అసలు వీడియోలతోనే సిమ్యులేటర్ విడుదల చేసింది. అక్కడ రైల్వే కంపెనీ తానే పూనుకుంది కాబట్టి అది సాధ్యమైంది.

రూట్ కట్టడం వల్ల డబ్బు వస్తుందా? వెంటనే రాదు. ఎప్పటికీ రాకపోవచ్చు కూడా. ఇలాంటివి చాలావరకు ఉచితంగానే పంచుకుంటారు. దీన్ని ఉద్యోగంగా లెక్కేయకండి. కానీ ఇంటర్వ్యూలో "ఇది నేను చేశాను" అని చూపించడానికి బీటెక్ ప్రాజెక్టు కన్నా బరువైనది చేతిలో ఉంటుంది. త్రీడీ మోడలింగ్, మ్యాప్ డేటా, సిగ్నలింగ్ తర్కం, మూడూ అందులో కలిసి ఉంటాయి.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయానికి వస్తాను. తమ్ముడికి కళ్లద్దాలు వచ్చాయన్నారు. ఏఎల్‌పీ పోస్టుకు ఏ-1 మెడికల్, అంటే చూపు విషయంలో రైల్వేలో అన్నిటికన్నా కఠినమైన ప్రమాణం. అద్దాలు లేకుండా రెండు కళ్లకూ విడివిడిగా 6/6 ఉండాలి. రంగులు, రాత్రి చూపు, మసక వెలుతురులో చూపు, అన్నీ పరీక్షిస్తారు. లేసిక్ (అద్దాలు పోవడానికి చేసే లేజర్) ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను తీసుకోరు. రైల్వే కాలనీలో పెరిగిన పిల్లవాడికి ఇది తెలియకుండా ఉండదు. మళ్లీ పరీక్ష రాయమంటే ఎందుకు వినడం లేదో, సెంటర్ గురించి ఎందుకంత పట్టుపడుతున్నాడో ఆలోచించండి. రాసి గెలిచినా మెడికల్‌లో ఆగిపోతానని అతనికి తెలిసి ఉండొచ్చు, ఆ మాట బాపు ముందు అనలేకపోతూ ఉండొచ్చు. బాపు కూర్చున్న సీట్లో తను ఎప్పటికీ కూర్చోలేనని తెలిసిన మనిషి, ఆ సీటును ఇంట్లోనైనా తెచ్చి పెట్టుకోవాలనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఇది నా ఊహే, తప్పయినా కావచ్చు. కానీ "పరీక్ష రాయకుండా ఆటలాడుతున్నావు" అని మీ ఇంట్లో ఎవరైనా అంటుంటే ఆ మాట వెంటనే ఆపండి.

ముందు మంచి కంటి డాక్టర్ దగ్గర, అద్దాలు లేకుండా చూపు ఎంతుందో కచ్చితంగా తేల్చుకోవాలి. 6/6 ఉందంటే ఏఎల్‌పీ దారి ఇంకా తెరిచే ఉంది, వయసూ ఉంది. అప్పుడు సీబీఏటీ ప్రాక్టీసు మీద ఆరు నెలలు పెట్టడం వృథా కాదు. ఆ కాలంలో రూట్ పని నెమ్మదిస్తుంది, అంతే. చూపు లేదంటే రైల్వేలో టెక్నీషియన్ పోస్టులున్నాయి. వాటిలో చాలావాటికి అద్దాలతో చూపు సరిపోతే చాలు, నోటిఫికేషన్లో పోస్టు పక్కనే మెడికల్ స్టాండర్డ్ రాసి ఉంటుంది. సిగ్నల్ విభాగం అయితే అతని ఇష్టానికి దగ్గరగానూ ఉంటుంది. పోటీ మాత్రం తక్కువేమీ కాదు.

ప్రైవేటు వైపు చూస్తానంటే కవచ్ ఉంది, రైళ్లు గుద్దుకోకుండా అవసరమైతే తానే బ్రేక్ వేసే భద్రతా వ్యవస్థ. 2016లో ప్యాసింజర్ రైళ్ల మీద దాని ట్రయల్స్ మొదలైంది మన దక్షిణ మధ్య రైల్వేలోనే. మొదట్లో దాన్ని తయారుచేసిన మూడు కంపెనీలు, మేధా, కెర్నెక్స్, హెచ్‌బీఎల్, హైదరాబాద్‌వే. సికింద్రాబాద్‌లోని రైల్వే సిగ్నలింగ్ శిక్షణ సంస్థ ఇరిసెట్‌లో కవచ్ మీద శిక్షణ నడుస్తోంది. కవచ్ ఉన్న ఇంజన్‌లో లోకో పైలట్ ఎదుట ఒక స్క్రీన్ ఉంటుంది. వేగం, ఎంత దూరం పోవచ్చు, ముందున్న సిగ్నల్ రంగు, అన్నీ అక్కడే కనిపిస్తాయి. పొగమంచులో బయట దీపం కనబడకపోయినా లోపల కనబడుతుంది. డిస్‌ప్లే మీద, సిగ్నల్ మీద ఇంత మోజున్న ఎలక్ట్రికల్ ఇంజనీరుకు ఇంతకన్నా దగ్గరి పని నాకు తోచడం లేదు. ఇబ్బందులూ ఉన్నాయి. మొదట్లో జీతం మీ తమ్ముడు ఊహించినంత ఉండకపోవచ్చు, ఫీల్డ్ డ్యూటీ పడితే వారాల తరబడి లైను మీద ఉండాలి, కాజీపేట ఇల్లు వదలాలి. మీ నాన్నగారికి సాయంత్రాలు పక్కన కూర్చునే మనిషి ఉండడు. ఆ లోటు గురించి కూడా ముందే మాట్లాడుకోండి. రూట్ ఫైళ్లు ఆయన కంప్యూటర్లో ఉంటాయి కాబట్టి వీడియో కాల్‌లో అయినా ఆ ముచ్చట సాగుతుంది.

సెంటర్ పెట్టాల్సిందే అని అప్పటికీ పట్టుబడితే ఒక షరతు పెట్టొచ్చు. ఒక్క హెడ్‌సెట్ రెండు మూడు రోజులు అద్దెకో, ఎవరి దగ్గరైనా అరువుకో తెచ్చి, రెండు ఆదివారాలు తెలిసినవాళ్ల పిల్లలకు టికెట్ పెట్టి నడిపి చూడాలి. ఎవరు డబ్బిచ్చారు, ఎవరు రెండోసారి వచ్చారు, ఎవరికి కళ్లు తిరిగాయి, కాగితం మీద రాయాలి. ఆ కాగితం చూశాకే పెట్టుబడి మాట. అదీ అతను సంపాదించిన డబ్బుతో.

మీ పెళ్లి సంగతి పక్కన పెట్టమన్నారు. పక్కన పెట్టలేను. ఆ 6 లక్షలు మీ కోసం మీ తల్లిదండ్రులు దాచినవి. మీకు పెళ్లి ఎప్పుడు ఇష్టమో, ఆ డబ్బు దేనికి వాడుకుంటారో వేరే చర్చ, కానీ తమ్ముడి వ్యాపారానికి మూలధనం అయ్యేలోపు మీ సమ్మతి అడగాలి. మీరు నోరు తెరిచి "నాకిష్టం లేదు" అనడం స్వార్థం కాదు. మీరు మౌనంగా ఉంటే బరువంతా మీ అమ్మగారి మీద పడుతుంది, కొడుకు ముందు ఆమె ఒక్కరే చెడ్డవారవుతారు. అలాగే బాపు ఏమీ అనడం లేదంటే ఒప్పుకున్నట్టు అనుకోకండి. ఆయన్ను నేరుగా అడగండి: "బాపూ, నీకు ఆ హెడ్‌సెట్ కావాలా?" బహుశా ఇంతవరకు ఎవరూ ఆ ప్రశ్న ఆయన్ని అడిగి ఉండరు. రాత్రి రెండింటికి మెలకువ రావడం గురించి ఫిజీషియన్‌ను ఒకసారి కలవండి. ఏళ్ల తరబడి నైట్ డ్యూటీలు చేసిన శరీరానికి నిద్ర గాడిలో పడటానికి సాయం కావాల్సి ఉండొచ్చు, దానికి సిమ్యులేటర్ సరిపోదు.

టెక్నాలజీకి భవిష్యత్తు ఉందా అని ఇంట్లోవాళ్లు మళ్లీ అడిగితే, ఉంది, కానీ దానికోసం ఇప్పుడు ఏమీ కొనాల్సిన పని లేదని చెప్పండి. ఆ మాట మీ ఉద్యోగం ఇచ్చే అధికారంతో చెప్పొచ్చు. తమ్ముడితో కంటి పరీక్ష గురించి మాట్లాడటం మాత్రం మీరిద్దరే ఉన్నప్పుడు చేయండి, అమ్మ, బాపు ముందు వద్దు. డాక్టర్ దగ్గరికి మీరే తోడు వెళ్లండి. ఆ ఫలితం చేతికి వచ్చేదాకా సెంటర్ మాట, డబ్బు మాట ఇంట్లో ఎవరూ ఎత్తకుండా అందరితో ఒప్పించండి.